పచ్చ పిలక లేచింది గానీ పీసీఆర్‌లో పాత బ్యాండ్ పోలేదు: ఇది ప్లాస్టిడ్ ట్రాన్స్‌ఫర్మేషనేనా?

పెన్నాగట్టు (అనంతపురం)
పొగాకు హరితరేణువు (ప్లాస్టిడ్) లోకి ఏఏడీఏ మార్కరు (స్పెక్టినోమైసిన్ మందును తట్టుకునే శక్తినిచ్చే జన్యువు), దాని వెనకే మా జన్యువు పంపే పని. రకం పెటిట్ హవానా. వెక్టర్ (జన్యువును మోసుకెళ్లే ప్లాస్మిడ్ డీఎన్‌ఏ) ప్లాస్టిడ్ జినోమ్‌లోని ట్రన్‌ఐ, ట్రన్‌ఏ జన్యువుల నడుమ దూరేది. రెండు పక్కలా కిలోబేస్ (వెయ్యి డీఎన్‌ఏ అక్షరాలు) పైచిలుకు ఫ్లాంకులు, అంటే ప్లాస్టిడ్ సొంత వరసలు ఉన్నాయి, చొప్పించే ముక్క మొత్తం 2.3 కిలోబేస్. జీన్ గన్‌లో (డీఎన్‌ఏ పూసిన బంగారు రేణువులను ఆకులోకి కాల్చే యంత్రం) 1100 పీఎస్ఐ దగ్గర పగిలే డిస్కు, 0.6 మైక్రాన్ బంగారం వాడాం. లీటరుకు 500 మి.గ్రా. స్పెక్టినోమైసిన్ మీద ఆకు ముక్కలు తెల్లబడ్డాయి, అక్కడక్కడా పచ్చ పిలకలు లేచాయి. పీసీఆర్‌లో (రెండు ప్రైమర్ల మధ్య డీఎన్‌ఏను పెంచి జెల్ మీద బ్యాండ్‌గా చూసే పరీక్ష) ఏఏడీఏ లోపలి ప్రైమర్లతో అన్నిట్లో బ్యాండ్ వచ్చింది. ఫ్లాంకుల్లో కూర్చునే ప్రైమర్లతో మాత్రం పాత సైజు (ఏమీ చొప్పించని జినోమ్‌ది) బ్యాండే గట్టిగా ఉంది. కొత్తది కొన్నిట్లో సన్నగా ఉంది, కొన్నిట్లో లేనే లేదు. వీటిని వేర్ల మీడియంకి పంపొచ్చా? ఇంకో మాట, ఇదే పని వేరుశనగలో ఎందుకు జరగడం లేదు?

కందనవోలు (కర్నూలు)
వేర్లకు ఇప్పుడే వద్దు తమ్ముడూ. ఏఏడీఏ లోపలి బ్యాండ్‌తో ఏమీ తేలదు. జన్యువు కేంద్రకంలో కూర్చున్నా అది వస్తుంది, ఆకుకు అంటుకున్న ప్లాస్మిడ్ మిగిలున్నా వస్తుంది. ఫ్లాంకుల్లో కూర్చునే ప్రైమర్ల జత కూడా అంతే, ఆ వరసలు వెక్టర్‌లోనూ ఉన్నాయి కదా. నీకు కనబడిన సన్న బ్యాండ్ ప్లాస్మిడ్‌దే కావచ్చు.

ఒక ప్రైమరు ఫ్లాంకుకు బయట, అంటే వెక్టర్‌లో అసలు లేని ప్లాస్టిడ్ వరసలో పెట్టు. రెండోది ఏఏడీఏ లోపల, దానికి ఎదురు దిక్కుగా. ఈ జతతో బ్యాండ్ వస్తేనే సరైన చోట దూరినట్టు. పీఎల్‌డీ అనే పొగాకు ప్లాస్టిడ్ వెక్టర్లలో ఇది 1.65 కిలోబేస్ వస్తుంది, నీ వెక్టర్ వేరేదైతే మ్యాప్ ముందు పెట్టుకుని లెక్క కట్టుకో. కుడి కొసకూ ఇట్లాగే ఇంకో జత కావాలి. ఒక కొస సరిగ్గా దూరి రెండో కొస తప్పిన సందర్భాలు ఉంటాయి.

దేవునికడప (కడప)
పీసీఆర్‌కన్నా ముందు ప్లేటు చూడాలి. స్పెక్టినోమైసిన్ ప్లాస్టిడ్ రైబోజోమ్‌లోని 16ఎస్ ఆర్‌ఎన్‌ఏకి అంటుకుని ప్రోటీన్ తయారీని ఆపుతుంది. ఆకు చావదు, మీడియంలో చక్కెర ఉంది కాబట్టి తెల్లగా బతుకుతూనే ఉంటుంది. అందుకే పచ్చదనమే గుర్తు. అయితే ఆ పచ్చ నాలుగు దారుల్లో రావచ్చు. నిజంగా ప్లాస్టిడ్‌లో జన్యువు దూరి రావచ్చు. 16ఎస్ జన్యువులో దానంతట అదే ఒక్క అక్షరం మారి రావచ్చు. అరుదుగా కేంద్రకంలో దూరి రావచ్చు. నాలుగోదే అందరూ మరిచేది: ముక్క అంచు ముడుచుకుని మీడియం నుంచి పైకి లేస్తే అక్కడికి మందు అందదు, ఆ అంచు పచ్చగానే ఉండిపోతుంది.

పైకి లేచిన అంచు మీద వచ్చిన పిలకలకు నేనైతే పీసీఆర్ ఖర్చు పెట్టను. ముక్కలు 5 మి.మీ. చదరం మించకూడదు. బాంబార్డ్ చేసిన వైపు, అంటే ఆకు అడుగు వైపు, మీడియానికి తగిలేట్టు పెట్టి ఫోర్సెప్స్‌తో మెల్లగా నొక్కాలి. పెద్ద ఈనె ఉన్న ముక్క తప్పకుండా వంకర తిరుగుతుంది, దాన్ని కోసేయడమే మేలు.

మందును మీడియంతో పాటు ఆటోక్లేవ్ చేయకూడదు. నీళ్లలో మి.లీ.కి 100 మి.గ్రా. స్టాక్ చేసి 0.22 మైక్రాన్ ఫిల్టర్ పట్టి, మీడియం 50–55 డిగ్రీలకు దిగాక కలపాలి. పక్కన మామూలు పొగాకు ఆకు ముక్కలు అదే మీడియం మీద ఉండాలి. అవి పూర్తిగా తెల్లబడకపోతే ఆ ప్లేట్లలో ఏ పచ్చనీ నమ్మొద్దు.

ఎర్రనేల (అనంతపురం)
మ్యుటెంట్లను వేరు చేయడానికి జెల్ కూడా అక్కర్లేదు. ఏఏడీఏ ఎంజైమ్ స్పెక్టినోమైసిన్‌నూ స్ట్రెప్టోమైసిన్‌నూ రెండిటినీ చెడగొడుతుంది. 16ఎస్‌లో అక్షరం మారిన మ్యుటెంట్‌కు సాధారణంగా స్పెక్టినోమైసిన్ ఒక్కదాని మీదే తట్టుకునే శక్తి. ప్రతి పిలక నుంచి చిన్న ఆకు ముక్క కోసి రెండు మందులూ చెరి 500 మి.గ్రా. ఉన్న ఆర్‌ఎంఓపీ (పిలకలు రప్పించే మీడియం) మీద పెట్టు. తెల్లబడింది మ్యుటెంట్. పచ్చగా కాలస్ (కణాల ముద్ద) కట్టింది ముందుకు తీసుకెళ్లదగ్గది. కొత్త జత ప్రైమర్లు వచ్చేలోపు ఈ పని అయిపోతుంది.

పెన్నాగట్టు (అనంతపురం)
మీడియం కూర్పు సరిచూడండి: ఎంఎస్ లవణాలు, లీటరుకు హార్మోన్లు బీఏపీ 1 మి.గ్రా., ఎన్‌ఏఏ 0.1 మి.గ్రా., థయమిన్ 1 మి.గ్రా., మయో ఇనాసిటాల్ 100 మి.గ్రా., సుక్రోజ్ 30 గ్రా., అగార్ 6 గ్రా., పీహెచ్ 5.8. పిలకలు చాలా తక్కువ ఆకుల మీదే వచ్చాయి. తప్పు గన్ దగ్గర ఉందా?

కందనవోలు (కర్నూలు)
మీడియం సరే. నీళ్లు మాత్రం చూసుకో. అనంతపురం బోరు నీటిలో లవణాలు, ఫ్లోరైడ్ రెండూ ఎక్కువ. ఆర్‌ఓ పట్టాక రెండుసార్లు డిస్టిల్ చేసిన నీళ్లే వాడాలి.

1993లో స్వాబ్, మలిగా ఏఏడీఏతో పొగాకులో సాధించింది సగటున బాంబార్డ్ చేసిన ఆకుకు ఒక లైను (మార్పు పట్టిన ఒక పిలక, దాని సంతతి). అంతకుముందు 1990లో మార్పు చెందిన 16ఎస్ జన్యువునే మార్కరుగా పెట్టినప్పుడు దీనికన్నా ఎన్నో రెట్లు తక్కువ వచ్చింది. ఆకుకు ఒకటి చొప్పున వస్తుంటే నీ గన్ బాగున్నట్టే. అంతకన్నా బాగా తగ్గితే బంగారం పూత దగ్గరే వెతుకు.

60 మి.గ్రా./మి.లీ. బంగారం 50 మైక్రోలీటర్లు తీసుకుని వోర్టెక్స్ మీద తిరుగుతుండగానే వరసగా కలపాలి: మైక్రోలీటరుకు 1 మైక్రోగ్రాము ఉన్న డీఎన్‌ఏ 5 మైక్రోలీటర్లు, 2.5 మోలార్ కాల్షియం క్లోరైడ్ 50, 0.1 మోలార్ స్పెర్మిడిన్ 20. రెండు మూడు నిమిషాలు తిప్పి, ఒక నిమిషం నిలబెట్టి, రెండు సెకన్లు స్పిన్ చేయాలి. 70 శాతం ఇథనాల్ 140 మైక్రోలీటర్లతో ఒకసారి, నికర ఇథనాల్ 140తో ఒకసారి కడిగి, చివర 48 మైక్రోలీటర్ల నికర ఇథనాల్‌లో కలిపి, షాట్‌కు 6 చొప్పున మాక్రోక్యారియర్ (గన్‌లో బంగారాన్ని మోసే పలచని బిళ్ల) మధ్యలో పరవాలి. ప్రతిసారీ పిపెట్ ముంచే ముందు తిప్పాలి, బంగారం క్షణంలో అడుగుకు దిగుతుంది.

స్పెర్మిడిన్ పాతబడితే మొత్తం పని పాడు. గాలి తగిలితే చెడుతుంది. చిన్న చిన్న ట్యూబుల్లో గడ్డకట్టించి ఒక్కోటి ఒక్కసారే వాడి పారేయాలి.

దేవునికడప (కడప)
ఇథనాల్ గురించి ఒక మాట. అనంతపురంలో గాలి పొడి, మీకు అంతగా తెలియకపోవచ్చు. కడపలో అక్టోబరు, నవంబరు వానలప్పుడు తెరిచిన సీసాలోని ఇథనాల్ నీళ్లు లాగుతుంది, మాక్రోక్యారియర్ మీద ఆరేటప్పుడు బంగారం ముద్ద కడుతుంది. ముద్ద పడిన చోట ఆకు కాలినట్టు గోధుమ రంగు చుక్క, దాని చుట్టూ ఏమీ తగలని ఖాళీ. పరిచిన మాక్రోక్యారియర్లను సిలికా జెల్ ఉన్న డబ్బాలో ఆరబెట్టండి. సూక్ష్మదర్శిని కింద ఒకటి పెట్టి చూస్తే పలచని ధూళిలా సమంగా ఉండాలి, గుంపులుగా ఉంటే షాట్ వృథా.

ఎర్రనేల (అనంతపురం)
గన్‌లో ఆకును ఎంత దూరంలో పెట్టారో చెప్పలేదు. 6 సెం.మీ. పెడితే ఆకు మధ్యలో చినిగిపోతుంది, 9 సెం.మీ. పెడితే దెబ్బ పరుచుకుంటుంది. నా ఓటు 9కే. హీలియం రెగ్యులేటర్ డిస్కుకన్నా 200 పీఎస్ఐ ఎక్కువలో, అంటే 1300లో ఉండాలి. డిస్కును ఐసోప్రొపనాల్‌లో ముంచి బిగించకపోతే అంచు జారి ముందే పగులుతుంది.

గన్ పుస్తకంలో 28 అంగుళాల వాక్యూమ్ అని చూసి కొందరు పంపు మార్చేస్తుంటారు. అనంతపురం సముద్రమట్టానికి దాదాపు 335 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ గాలి ఒత్తిడే సుమారు 28.8 అంగుళాలు. గేజ్ చూపేది బయటి గాలితో తేడాను. 27 దాటి నిలబడితే చాలు, కాల్చేయొచ్చు.

కందనవోలు (కర్నూలు)
6 పెట్టీ మంచి లైన్లు తీసినవాళ్లున్నారు. ఆకు మందంగా, ఎదిగినదిగా ఉంటే 6 తట్టుకుంటుంది. కుండీ మొక్క ఆకు కాదు, సీసాలో పెరిగిన మూడు నుంచి ఐదు వారాల మొక్క ఆకే వాడాలి. అడుగు వైపు పైకి పెట్టి, ఆర్‌ఎంఓపీ మీద వాట్‌మన్ ఫిల్టర్ కాగితం, దాని మీద ఆకు. కాల్చాక మందు లేని మీడియం మీదే 25 డిగ్రీల్లో 48 గంటలు చీకట్లో ఉంచి, ఆ తర్వాతే ముక్కలు కోసి మందు మీదికి. కాల్చిన రోజే మందు మీద పెడితే ఏఏడీఏ ప్రోటీన్ తయారయ్యే లోపే రైబోజోమ్‌లు ఆగిపోతాయి.

పెన్నాగట్టు (అనంతపురం)
స్ట్రెప్టోమైసిన్ పరీక్షలో కొన్ని తెల్లబడ్డాయి, తీసేశాను. మిగిలినవాటిలో బయటి ప్రైమరుతో సరైన సైజు బ్యాండ్ రెండు కొసల్లోనూ వచ్చింది. అయినా పాత సైజు బ్యాండ్ పోలేదు.

కందనవోలు (కర్నూలు)
పోదు, ఇంకా. ఎదిగిన పొగాకు ఆకు కణంలో వంద దాకా హరితరేణువులు, ఒక్కోదాంట్లో పదుల కొద్దీ జినోమ్ కాపీలు, మొత్తం కణానికి పది వేల దాకా. బంగారం రేణువు మోసుకెళ్లిన డీఎన్‌ఏ మొదట దూరేది వాటిలో ఒకటి రెండిట్లోనే. మందు ఒత్తిడి ఉన్నంత కాలం కణం చీలినప్పుడల్లా కొత్త కాపీలున్న ప్లాస్టిడ్ల వాటా పెరుగుతూ పోతుంది. మొదటి పిలకలో రెండు రకాలూ కలిసి ఉండడమే మామూలు.

ఇప్పుడు చేయాల్సింది ఆ పిలక ఆకును 2 మి.మీ. ముక్కలుగా కోసి మళ్లీ అదే మందు మీద కొత్త పిలకలు రప్పించడం. రెండు, మూడు రౌండ్లు. ముక్క ఎంత చిన్నదైతే అంత తక్కువ కణాల నుంచి పిలక పుడుతుంది, అంత త్వరగా తేలుతుంది. నువ్వు పెట్టిన చోటు ఇన్వర్టెడ్ రిపీట్‌లో (ప్లాస్టిడ్ జినోమ్‌లో ఎదురెదురు దిక్కుల్లో రెండుసార్లు ఉండే వరస) ఉంది కాబట్టి ఒక రిపీట్‌లో దూరింది రెండో రిపీట్‌కూ దానంతట అదే నకలవుతుంది. దాని గురించి దిగులు వద్దు.

దేవునికడప (కడప)
మూడు రౌండ్లయినా సన్నటి పాత బ్యాండ్ కనబడుతూనే ఉంటుంది, అదే జనాన్ని పిచ్చెక్కిస్తుంది. ప్లాస్టిడ్ డీఎన్‌ఏ ముక్కలు పరిణామ క్రమంలో కేంద్రకంలోకి చేరి అక్కడే ఉండిపోయాయి. పొగాకు కేంద్రకంలో అలాంటి నకళ్లు చాలా ఉన్నాయి. పీసీఆర్ వాటినీ పెంచుతుంది. పైగా నీ పాత బ్యాండ్ పొట్టిది, కొత్తది దానికన్నా 2.3 కిలోబేస్ పొడుగు. ఒకే ట్యూబులో పొట్టిదే ముందు పెరుగుతుంది. ఆ సన్న బ్యాండ్ చూసి నాలుగో, ఐదో రౌండుకు వెళ్లడం దండగ.

ఎర్రనేల (అనంతపురం)
అక్కా, అంత ధీమాగా వదిలేయలేం. అది కేంద్రకం నకలా, మిగిలిపోయిన పాత ప్లాస్టిడా అని పీసీఆర్ చెప్పదు. మిగిలిపోయిందే అయితే మందు తీసేశాక మళ్లీ పెరుగుతుంది, గింజల్లోకి తెల్లవీ పచ్చవీ కలిసి వస్తాయి. సదరన్ బ్లాట్ (డీఎన్‌ఏను పెంచకుండా ఎంజైమ్‌తో కోసి, ప్రోబు అనే గుర్తు ముక్కతో పట్టే పరీక్ష) తప్పదు.

దేవునికడప (కడప)
సదరన్ వద్దని అనలేదు నేను. పీసీఆర్‌ను చూసి రౌండ్లు పెంచొద్దంటున్నా.

నందికొట్కూరు_విత్తనం (కర్నూలు)
చదవతా ఉండా. ఒక మాట అడగల్ల. మాది పత్తి హైబ్రిడ్ విత్తనం పంట. ఈ హరితరేణువులో పెట్టిన జన్యువు పుప్పొడితో పారదంట కదా. బీటీ పత్తి జన్యువును యాల ఇట్ల పెట్టలేదప్పా?

కందనవోలు (కర్నూలు)
మంచి ప్రశ్న అన్నా. బీటీ జన్యువును పొగాకు ప్లాస్టిడ్‌లో 1995లోనే పెట్టారు. 2001లో క్రై2ఏఏ2 అనే బీటీ జన్యువును దాని ఆపెరాన్‌తో (కలిసి పనిచేసే జన్యువుల వరస) సహా పెడితే ఆకులో కరిగే ప్రోటీన్‌లో 46 శాతం దాకా అదే వచ్చింది, కణంలో స్ఫటికాలుగా పేరుకుంది. 2004లో పత్తి ప్లాస్టిడ్‌నూ మార్చారు. అది ఆకు ముక్క నుంచి కాదు, ఎంబ్రియోజెనిక్ కాలస్ (పిండాలు కట్టగల కణాల ముద్ద) నుంచి, కోకర్ రకంలో. మన దగ్గర సాగయ్యే రకాలు చాలామటుకు అట్లా తిరిగి మొక్క కట్టవు. ఇక మన చేలల్లో 2002లో వచ్చిన క్రై1ఏసీ గానీ, 2006లో రెండో జన్యువు కలిపి వచ్చింది గానీ రెండూ కేంద్రకంలోవే.

అసలు అడ్డం పురుగు తినే చోటు. ప్లాస్టిడ్ జన్యువు బలం పచ్చటి ఆకులో. గింజలో, పూవులో, వేరులో ప్లాస్టిడ్లు పచ్చవి కావు, కాపీలూ తక్కువ, ప్రోటీన్ తయారీ బాగా పడిపోతుంది. గులాబీరంగు కాయతొలుచు పురుగు కాయలో దూరి గింజ తింటుంది. ఆకులో 46 శాతం ఉండి దానికేం నష్టం? లద్దెపురుగు లాంటి ఆకు తినేదానికైతే కథ వేరు.

విత్తనం లెక్కలో మాత్రం నీకు నచ్చే సంగతి ఒకటుంది. ఇప్పటి హైబ్రిడ్‌లో జన్యువు తల్లి, తండ్రి లైన్లలో ఒక్కదాని నుంచే వస్తే, రైతు చేలో కాసే గింజల్లో ఒక్కో జన్యువు నాలుగో వంతుకు ఉండదు. కాయ లోపలి పురుగుకు బీటీ లేని గింజలు అక్కడక్కడా దొరుకుతాయి. ప్లాస్టిడ్‌లో ఉంటే తల్లి నుంచి ప్రతి గింజకూ అందుతుంది, విడిపోవడం ఉండదు. ఆడ లైన్‌లో ఉంటే చాలు, మగ లైన్‌లో ఉంటే పనికిరాదు.

నందికొట్కూరు_విత్తనం (కర్నూలు)
అర్థమాయె. పుప్పొడితో అసలే పారదా, లేక కొంచెమన్నా పారుతుందా?

ఎర్రనేల (అనంతపురం)
కొంచెం. పొగాకులో 2007లో రెండు పరిశోధనా బృందాలు వేర్వేరుగా లెక్కపెట్టాయి. పుప్పొడి ద్వారా ప్లాస్టిడ్ దాటడం పది వేలకు ఒకటి నుంచి లక్షకు ఒకటి దాకానో, అంతకన్నా తక్కువో. ఇంకో దారి, ప్లాస్టిడ్ డీఎన్‌ఏ కేంద్రకంలోకి దూకడం. 2003లో పొగాకు పుప్పొడిలో చూస్తే సుమారు పదహారు వేలకు ఒకటి. అయితే ప్లాస్టిడ్ ప్రమోటరు (జన్యువును పనిలో పెట్టే వరస) కేంద్రకంలో మామూలుగా పనిచేయదు, దూకినంత మాత్రాన పని మొదలుపెట్టదు. గింజలు రాలడం, సంచుల్లో కలవడం లాంటివి దీంతో ఆగవు. అనుమతుల్లోనూ రాయితీ లేదు. బయటి జన్యువు పెట్టినందున జన్యుమార్పిడి మీద 1989 నిబంధనలే వర్తిస్తాయి, ముందు సంస్థలోని బయోసేఫ్టీ కమిటీ, పైన కేంద్ర కమిటీలు: ఆర్‌సీజీఎం, చేనుకు పోతే జీఈఏసీ. 2022లో ఇచ్చిన మినహాయింపు బయటి డీఎన్‌ఏ మిగలని జినోమ్ ఎడిటింగ్‌కే.

పెన్నాగట్టు (అనంతపురం)
వేరుశనగ ప్రశ్న ఉండిపోయింది.

దేవునికడప (కడప)
అడ్డం వెక్టర్ కాదు, పిలక. వేరుశనగ ప్లాస్టిడ్ జినోమ్ సుమారు 156 కిలోబేస్, రెండు ఇన్వర్టెడ్ రిపీట్లూ ఉన్నాయి. దాని సొంత వరసలతో ఫ్లాంకులు కట్టుకోవడం కష్టమేం కాదు. కానీ వేరుశనగలో పిలకలు సులువుగా వచ్చేది బీజదళాల దగ్గర, ముందే ఉన్న మెరిస్టెమ్ (ఎప్పుడూ చీలుతుండే) కణాల గుంపు నుంచి. ఆ కణాల్లో ప్లాస్టిడ్లు చిన్నవి, రేణువు తగిలే అవకాశం తక్కువ. పిలక ఒక్క కణం నుంచి పుట్టదు కాబట్టి మార్పు పట్టిన కణాలు పట్టని కణాల మధ్య కలిసిపోతాయి, రెండో రౌండుకు ఆకు ముక్క నుంచి మళ్లీ పిలక రప్పించడం పొగాకులా జరగదు. సోయాలో 2004లో గట్టెక్కింది ఎంబ్రియోజెనిక్ కాలస్ మీద కాల్చడం వల్లే. వేరుశనగలో ఎవరైనా ముందు కుదర్చాల్సింది ఆ కాలస్‌నే.

నంద్యాల, కర్నూలు వైపు శనగ మీద ఆలోచించేవాళ్లకు ఒక హెచ్చరిక: శనగలో ఒక ఇన్వర్టెడ్ రిపీట్ పోయింది, జినోమ్ 125 కిలోబేస్ మాత్రమే. పొగాకు వెక్టర్‌లో ఉన్న ‘రెండు చోట్లా నకలు’ సౌకర్యం అక్కడ లేదు.

కందనవోలు (కర్నూలు)
వెక్టర్ మాట వచ్చింది కాబట్టి: మీ జన్యువుకూ ఏఏడీఏకూ ఒకే ప్రమోటరు, ఒకే టెర్మినేటర్ (జన్యువు చివర ఆపే) వరస వాడారా? ఒకే దిక్కున ఒకే వరస రెండుసార్లు ఉంటే ప్లాస్టిడ్ వాటి మధ్య రీకాంబినేషన్ (ఒకే వరసలను తెంచి కలపడం) చేసి నడిమి ముక్కను ఊడగొడుతుంది. మార్కరు తీసేయడానికి ఇదే ఉపాయాన్ని కావాలని వాడతారు, కావాలనుకోని చోట మాత్రం జన్యువే ఎగిరిపోతుంది. టెర్మినేటర్‌గా పీఎస్‌బీఏ అనే ప్లాస్టిడ్ జన్యువు 3 ప్రైమ్ (చివరి) వరస పెట్టినా, అది మొక్క సొంత జినోమ్‌లోనూ ఉందని గుర్తుంచుకోండి.

పెన్నాగట్టు (అనంతపురం)
ప్రమోటర్లు, టెర్మినేటర్లు వేర్వేరు. సదరన్ ప్రణాళిక ఇది: మూడో రౌండు ఆకుల నుంచి సీటీఏబీ పద్ధతిలో మొత్తం డీఎన్‌ఏ, రెండు ఫ్లాంకులకూ బయట కోసే ఎంజైమ్. మామూలు మొక్కలో 4.5, మార్చినదాంట్లో 6.8 కిలోబేస్ రావాలి. ప్రోబుగా ఏఏడీఏ ముక్క.

ఎర్రనేల (అనంతపురం)
ఏఏడీఏ ప్రోబు వద్దు. అది పాత కాపీలను చూడనే చూడదు, ఎన్ని మిగిలున్నా జెల్ శుభ్రంగా కనిపిస్తుంది. ఫ్లాంకు నుంచి 0.8 కిలోబేస్ ముక్క తీసుకో, రెండు రకాలూ ఒకే ప్రోబుకు దొరుకుతాయి. ఆ ఎంజైమ్ నీ 2.3 ముక్క లోపల కోయదని వరసలో చూసుకున్నావు కదా? లేన్‌కు 2–3 మైక్రోగ్రాములు చాలు, ప్లాస్టిడ్ కాపీలు వేలల్లో ఉంటాయి. కేంద్రకం నకలు ఆ వేల పక్కన కనబడదు, పీసీఆర్‌కు లేని సుఖం అదే. ఒక లేన్‌లో మామూలు మొక్క డీఎన్‌ఏ, ఇంకో లేన్‌లో మార్చినదాంట్లో నూటికి ఒక వంతు మామూలుది కలిపి వేయి. ఆ లేన్‌లో 4.5 బ్యాండ్ కనబడి, నీ లైన్ల లేన్లలో కనబడకపోతేనే ‘పాతది ఒక శాతం కూడా లేదు’ అని రాయగలవు.

దేవునికడప (కడప)
అది తేలిన లైన్లను వేర్ల మీడియంలోనూ 500 మి.గ్రా. మందు మీదే ఉంచి, ఆ తర్వాతే కుండీకి. మొదటి కాయల గింజలు శుద్ధి చేసి అదే మందు ఉన్న ఎంఎస్ మీద చల్లండి, ప్లేటులో సగం మామూలు పొగాకు గింజలు. మామూలువి తెల్ల బీజదళాలతో మొలవాలి, మీవి మొత్తం పచ్చగా. మధ్యలో ఒక్క తెల్ల మొలకో, చారల మొలకో కనబడితే ఆ లైను గింజ దాచొద్దు, వెనక్కి ఆకు ముక్కల రౌండుకే. మార్చిన మొక్కను తండ్రిగా, మామూలుదాన్ని తల్లిగా పెట్టి ఒక క్రాస్ కూడా చేయండి, ఆ గింజలన్నీ తెల్లగా మొలవాలి. పచ్చవీ తెల్లవీ సగం సగం వస్తే జన్యువు కేంద్రకంలోనూ ఒకచోట కూర్చుంది.

పెన్నాగట్టు (అనంతపురం)
ఎంజైమ్ లోపల కోయదు, వరసలో చూశాను. ఫ్లాంకు ప్రోబుకు ప్రైమర్లు ఆర్డరు పెడుతున్నా. ఒక శాతం లేన్ కలుపుతాను.